చిట్టెలుకల విషపరీక్షలో కేజ్ ఏర్పాటు వల్ల ఫలితం మారుతుందా?

పురుగుమందు కలిపిన మేతతో 28 రోజుల పరీక్ష పెడుతున్నామనీ, చిట్టెలుకల్ని విడివిడిగా ఉంచాలా గుంపుగానా అనీ, గూడు కట్టుకోను కాగితం ఇస్తే ఫలితం చెడుతుందా అనీ అడిగారు. కేజ్ వల్ల ఫలితం మారుతుందండీ. నాకది దెబ్బ తిన్నాకే తెలిసింది.

నా మొదటి పరీక్షలో మధ్య డోసు ఎలుకలు పై డోసు వాటికంటే ఎక్కువ చిక్కిపోయాయి. డోసు పెరిగితే ప్రభావమూ పెరగాలి కదా, ఇదేం చోద్యమని వారం రోజులు లెక్కలు తిరగేశాం. చివరికి కేజ్‌లు కడిగే ఆయన అన్నాడు: "ఆ వరసంతా ఏసీ గాలికి ఎదురుగా ఉంది కద సార్." ఒక డోసు మొత్తాన్ని ఒకే వరసలో పెట్టింది నేనే. మేత లెక్కలు చూస్తే ఆ ఎలుకలు మిగతావాటికంటే బాగా ఎక్కువ తిన్నాయి. చలికి తిన్నాయి, తిన్నకొద్దీ మందూ లోపలికి పోయింది. మేతలో పీపీఎం (పది లక్షల పాళ్ల మేతలో మందు ఎన్ని పాళ్లో) మేం రాసుకున్నదే, ఒంట్లోకి వెళ్ళింది మాత్రం వేరు.

చిట్టెలుకకు వేడి కోసం అదనపు శక్తి ఖర్చు కాని ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు. ఓఈసీడీ (ఇలాంటి పరీక్షలకు పద్ధతులు ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు చెప్పే గది ఉష్ణోగ్రత 22, మూడు అటూఇటూ. అంటే మామూలు గదిలోనే దానికి చలి. ఒంటరిగా ఉంచితే ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునే వీలూ పోతుంది. అందుకే కాగితం ఇవ్వమనే చెబుతాను. కంట్రోల్‌తో (పోల్చుకోడానికి మందు ఇవ్వకుండా ఉంచే గుంపుతో) సహా అన్ని కేజ్‌లకూ ఒకే సరుకు, ఒకే తూకం. అవి దాన్ని కొరుకుతాయి, కాబట్టి రంగులు, అచ్చులు లేనిదై ఉండాలి.

గుంపు విషయానికొస్తే, ఆడవాటిని మూడేసి చొప్పున ఉంచుతాను. మగవి కొట్టుకుంటాయి. ఆ గాయాలు, బరువు తగ్గడం మందు ఖాతాలో పడిపోతాయి. ఒకే ఈతలో పుట్టినవాటిని చిన్నప్పటి నుంచీ కలిపి ఉంచితే కాస్త నయం. ఇక గుంపులో ఏది ఎంత తిన్నదో తెలీదు, కాబట్టి మేత లెక్కకు కేజ్‌నే ఒక యూనిట్‌గా తీసుకోవాలి, ఎలుకను కాదు. కొరికి కింద పోసిన మేతను కూడా ఏరి తూచండి. విసుగు పనే, కానీ అది తిన్న లెక్కలో కలిస్తే డోసంతా తప్పు.

వేడిగా ఉంచితే సరిపోతుందనుకోకండి. ఆర్గానోఫాస్ఫేట్ (నరాల మీద పనిచేసే ఒక రకం పురుగుమందు) పడితే చిట్టెలుక ఒంటి వేడి పడిపోతుంది. అది కొంత దానికి రక్షణే. గది వేడెక్కిస్తే ఆ రక్షణ తగ్గి విషం ఎక్కువగా పనిచేస్తుంది.

బెడ్డింగ్‌గా, అంటే కేజ్‌లో కింద పరవడానికి, దేవదారు, పైన్ చెక్కపొట్టు వద్దు. వాటి ఆవిరికి కాలేయంలో మందును విరగ్గొట్టే ఎంజైములు పెరుగుతాయి. హార్మోన్ల మీద ప్రభావం చూసే పరీక్షైతే కేజ్ ప్లాస్టిక్ మీదా కన్నేయాలి. 1998లో అమెరికా జన్యుశాస్త్రవేత్త పట్రీషియా హంట్ ప్రయోగశాలలో పాలీకార్బొనేట్ కేజ్‌లనూ నీళ్ల సీసాలనూ పొరపాటున వేరే డిటర్జెంట్‌తో కడిగారు. ప్లాస్టిక్ దెబ్బతిని, అందులో ఉండే బిస్ఫినాల్ ఏ అనే హార్మోన్‌లా పనిచేసే రసాయనం బయటికొచ్చింది. ఏ మందూ ఇవ్వని ఎలుకల అండకణాల్లోనే క్రోమోజోముల అమరిక చెదిరిపోయింది. కంట్రోలే పాడైతే ఇక దేంతో పోల్చుకుంటాం?

మీరిప్పుడు చేయాల్సింది, అన్ని డోసుల కేజ్‌లనూ ర్యాక్ మీద పైనా కిందా చీటీలేసి కలిపేయడం, థర్మామీటర్‌ను గోడకు కాకుండా కేజ్ ఎత్తులో పెట్టడం. ఇంతకీ మీవి ల్యాబ్ ఎలుకలేనా, పొలంలో పట్టిన వోల్‌లా (ఎలుకలాంటి పొట్టితోక జీవులు)? వోల్‌లైతే చెప్పండి. దాక్కోడానికి గడ్డి లేని ఖాళీ కేజ్‌లో అవి ఒకే చోట అదేపనిగా గెంతుతుంటాయి, కదలికలు కొలిచే పరీక్ష వాటితో వేరేగా వేసుకోవాలి.