ముందు మీటరు జరిపించు, తర్వాతే పునాది

తమ్ముడూ, ఇక్కడ ఇంగ్లండ్‌లో, రీడింగ్ అనే ఊళ్లో సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే ఒక గోడ పక్కింటితో కలిసిన జంట ఇల్లు కొన్నావంటే చాలా సంతోషం. కొత్త వంటగది కట్టాలనుకున్న గోడకే కరెంటు మీటరు ఉందన్నావు. 2014లో స్లౌ ఊళ్లో మాకూ అచ్చం ఇదే పరిస్థితి. నేను పోగొట్టుకున్నట్టు నువ్వు డబ్బు పోగొట్టుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా ఊళ్లో లైన్‌మన్‌ను పిలిస్తే సాయంత్రానికల్లా వైరు జరిగిపోయేది. ఇక్కడా అంతేలే అనుకున్నాను. "మీటర్ తర్వాత చూసుకోవచ్చు" అని బిల్డరు అంటే సరేనని అడ్వాన్స్ ఇచ్చేశాను. రెండో రోజు తవ్వుతుంటే మట్టిలోంచి బొటనవేలంత లావు నల్ల కేబుల్ బయటపడింది. వీధిలోంచి మా ఇంటికొచ్చే కరెంటు అదే. పనివాళ్లు అక్కడే పారలు వదిలేసి గుంటలోంచి పైకొచ్చేశారు.

బిల్లు పంపే కంపెనీకి ఫోన్ చేశాను. ఇవాళ, రేపు అంటూ మూడు వారాలు తిప్పి, చివరికి ఆ కేబుల్ తమది కాదన్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు తెలియనిది ఇదే. కేబుల్, అది వచ్చి ఆగే సీలు వేసిన కటౌట్ పెట్టె (మెయిన్ ఫ్యూజు ఉండేది ఇందులోనే) నెట్‌వర్క్ ఆపరేటరువి, అంటే వీధి కరెంటు లైన్లు చూసుకునే కంపెనీవి. మీటరు బిల్లు కంపెనీది. అక్కణ్ణుంచి ఇంట్లోకి వెళ్లే వైర్లు, ఫ్యూజ్ బోర్డు మనవి, వాటికి ఎలక్ట్రీషియన్ కావాలి. ముగ్గురికీ తేదీలు కుదర్చాల్సింది నువ్వే. మీ ఆపరేటరు ఎవరో ఎనర్జీ నెట్‌వర్క్స్ అసోసియేషన్ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే తెలుస్తుంది.

మొత్తం ఏడు వారాలు పని ఆగింది. రోడ్డు మీద స్కిప్‌కు (మట్టి, చెత్త వేసే పెద్ద ఇనుప తొట్టి) అద్దె, దానికి కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ పర్మిట్, ఊరికే నిలబడ్డ డిగ్గర్‌కు కిరాయి, అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. కేబుల్ జరపడానికి అయినదానికంటే ఖాళీగా కూర్చున్నందుకే ఎక్కువ పోయింది! అప్పట్లో పౌండు సుమారు వంద రూపాయలు. రాత్రి నిద్ర పట్టక ప్రతి బిల్లునూ వందతో హెచ్చవేసుకునేవాణ్ణి. ఆ డబ్బుతో నాన్నగారి ఇంటికి పైకప్పు వేయించేవాణ్ణి కదా అని ఇప్పటికీ బాధేస్తుంది. అయినా ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఆ గది పూర్తి చేశాను.

నెట్‌వర్క్ ఆపరేటరు నుంచి కొటేషన్ రాగానే 20 శాతం వ్యాట్ కలిపారో లేదో చూడు. నేను చూడలేదు, టెన్షన్ పడ్డాను. మన స్థలంలో కందకం మన బిల్డరే తవ్వితే ఎంత తగ్గిస్తారో అడుగు. లోతెంత, ఏ పైపు వెయ్యాలి అన్నది వాళ్లనే రాసిమ్మను. ఫుట్‌పాత్ మాత్రం వాళ్ల పనే. డబ్బు మిగులుతుందని ఎవరైనా సీలు తెంచి ఫ్యూజు లాగుతానంటే ఒప్పుకోవద్దు, ప్రాణం మీదికొస్తుంది.

ఇంకొకటి. పాత జంట ఇళ్లలో ఒక్కోసారి పక్కింటికి కరెంటు మన కటౌట్‌లోంచే వెళ్తుంది. మాకు అలాగే ఉంది. పక్కింటి పెద్దావిడ ఒప్పుకుంటే గానీ పని కదల్లేదు. రేపు పగటి వెలుతురులో మీటరు డబ్బా తెరిచి, ఏదీ ముట్టుకోకుండా, కింద లావు కేబుళ్లు ఒకటున్నాయో రెండున్నాయో ఫోటో తీసి పంపు. అది చూసేదాకా బిల్డరుకు పైసా ఇవ్వకు.