గీత తట్టకపోతే కోణానికి పేరు పెట్టండి

ప్రశ్న: రేఖాగణితం లెక్కల్లో ఎక్కడో ఒక అదనపు గీత గీస్తేనే జవాబు వస్తుంది, ఆ గీత నాకు ఒక్కసారి కూడా తట్టదు. త్రికోణమితితో చేస్తే అది మొరటు పద్ధతి అంటున్నారు. నిజమేనా? ఉదాహరణకి ఈ లెక్క: ఏబీసీ త్రిభుజంలో ఏబీ, ఏసీ సమానం, ఏ దగ్గర కోణం 20°. ఏబీ మీద డీ అనే బిందువు ఉంది, ఏడీ పొడవు బీసీ పొడవుకి సమానం. ఏసీడీ కోణం ఎంత?

జవాబు: మొరటేమీ కాదండీ. లెక్క తేలిపోయిందనుకుని, తెలిసిన గీతలతో పాటు తెలియని వాటికీ పేర్లు పెట్టి, ఒకే రాశిని రెండు రకాలుగా రాసి సమీకరణం చేయమని 1637లోనే ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ చెప్పాడు. మీరు చేయాల్సిందీ అంతే.

ఏసీ పొడవు 1 అనుకోండి, అడిగిన కోణం ఎక్స్. శీర్షం నుంచి లంబం దించితే 20° రెండు 10°లుగా చీలుతుంది కాబట్టి బీసీ = 2 సైన్ 10°. ఇక ఏడీసీ త్రిభుజంలో మూడో కోణం 160° − ఎక్స్, దాని సైన్ విలువా 20° + ఎక్స్ సైన్ విలువా ఒకటే, అందుకని సైన్ సూత్రం ప్రకారం ఏడీ = సైన్ ఎక్స్ / సైన్ (20° + ఎక్స్). ఈ రెండూ సమానం, అంటే

2 సైన్ 10° × సైన్ (20° + ఎక్స్) = సైన్ ఎక్స్.

ఎక్స్ దగ్గర 10° పెట్టి చూడండి, సైన్ 30° అంటే సగం కాబట్టి రెండు వైపులా సైన్ 10° మిగులుతుంది. కానీ ఇక్కడే ఆగిపోకండి, చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఈ చోటే! ఇంకో జవాబు లేదని కూడా చూపించాలి. సైన్ (20° + ఎక్స్)ని సైన్ ఎక్స్‌తో భాగిస్తే కాస్ 20° + సైన్ 20° × కాట్ ఎక్స్ వస్తుంది, ఎక్స్ పెరిగేకొద్దీ ఇది తగ్గుతూనే పోతుంది, కాబట్టి ఒక్క విలువే కుదురుతుంది. జవాబు 10°.

ఇప్పుడు ఆ గీత కూడా చూడండి, చాలా అందంగా ఉంటుంది. బీసీ మీద లోపలివైపు బీసీఈ అనే సమబాహు త్రిభుజం గీస్తే ఈసీ = ఏడీ, ఏసీ ఉమ్మడి భుజం, వాటి మధ్య కోణం రెండు చోట్లా 20°. ఏడీసీ, సీఈఏ త్రిభుజాలు సర్వసమానాలు అయిపోతాయి, ఏసీడీ కోణం ఈఏసీ కోణానికి సమానం. ఈబీ, ఈసీ సమానం కాబట్టి ఏఈ గీత ఏ దగ్గరి 20°ని సగానికి చీలుస్తుంది, అందుకే అది 10°. జవాబు ముందే తెలిసింది కాబట్టి ఈ గీత వెతకడం ఇప్పుడు తేలిక, నేనైతే ఎప్పుడూ ఈ వరసలోనే వెళ్తాను.

ప్రశ్న: 13, 14, 15 భుజాల త్రిభుజం ఎత్తు కనుక్కోవాలి. ఎక్స్ పెట్టగానే వర్గాలు వచ్చేస్తాయి, టెన్షన్.

జవాబు: రానివ్వండి, పోతాయి. 14ని భూమిగా తీసుకోండి, 13 భుజం వైపు లంబపాదం దాకా ఉన్న ముక్క ఎక్స్, అవతలిది 14 − ఎక్స్. ఎత్తు వర్గాన్ని రెండు వైపుల నుంచీ రాస్తే 169 − ఎక్స్² = 225 − (14 − ఎక్స్)². విప్పగానే ఎక్స్² రెండు వైపులా కొట్టుకుపోయి 169 = 29 + 28ఎక్స్ మిగులుతుంది. ఎక్స్ = 5, ఎత్తు 12, వైశాల్యం 84.

ఇదే పనిని భూమి 11, మిగతా భుజాలు 13, 20 తీసుకుని చేయండి, ఎక్స్ = −5 వస్తుంది. తప్పు చేశామని కొట్టేయకండి. లంబపాదం భూమికి బయట, 13 భుజం వైపు 5 దూరంలో పడిందని ఆ మైనస్ గుర్తు చెబుతోంది, బొమ్మ తప్పుగా గీసినా సమీకరణం సరిదిద్దింది. ఎత్తు ఇక్కడా 12, వైశాల్యం 66.

ప్రశ్న: 3, 5, 7 భుజాల త్రిభుజంలో పెద్ద కోణం నాకు 60° వచ్చింది, పుస్తకంలో 120° ఉంది.

జవాబు: మీరు సైన్ వాడి ఉంటారు. రెండింటి సైన్ విలువా ఒకటే, క్యాలిక్యులేటర్ చిన్నదే చూపిస్తుంది. పెద్ద కోణానికి కొసైన్ సూత్రం వాడండి: (9 + 25 − 49) / 30 = −1/2, అనుమానం లేకుండా 120°. మిగతా రెండూ ఎలాగూ లఘుకోణాలే, వాటికి సైన్ వాడినా భయం లేదు, సుమారు 21.8°, 38.2° వస్తాయి.