నా గురించి నేను ఆలోచించుకుంటే స్వార్థమా?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానంలో ఓ ఊరు. నాకు 36 ఏళ్లు. మా ఆయన చెన్నైలో మేస్త్రీ పని చేస్తారు. అత్తయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి నేనే తీసుకెళ్తున్నాను. మిగతా రోజులు జీడిపిక్కలు కొట్టడానికి పోతాను. రాత్రి అత్తయ్య పాదాలకు ఆముదం రాసి పడుకునేసరికి పదకొండవుతుంది. ఏడాదిగా నడుంనొప్పి. మందుల షాపులో బిళ్లలు కొని మింగుతున్నాను. మొన్న ఒక ఆదివారం ఆరాధనకు వెళ్లలేక పడుకుండిపోయాను. సంఘంలో ఒక అక్క ‘అంత్యదినములలో మనుష్యులు స్వార్థప్రియులు’ అనే వాక్యం ఎత్తింది. ఆ రాత్రి అత్తయ్య రెండో గ్లాసు నీళ్లు అడిగితే కసిరేశాను. అప్పటినుంచి నిద్ర లేదు. దేవుణ్ణి పదిసార్లు క్షమాపణ అడిగాను. నా గురించి నేను ఆలోచించుకోవడం పాపమా?

జవాబు: అమ్మా, పాపం కాదు. ముందు ఆ మాట గట్టిగా చెప్పనివ్వండి.

ఆ అక్క ఎత్తిన వాక్యం పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మూడో అధ్యాయంలోది. ఈసారి ఒక్క మాట దగ్గర ఆగకుండా కిందికి చదవండి. ధనాపేక్షులు, అహంకారులు, అనురాగరహితులు అని వరసగా ఉంటుంది. వారానికి మూడుసార్లు అత్తగారిని జబ్బ పట్టుకుని బస్సెక్కించే మనిషి ఆ వరసలో ఎక్కడుంది? పౌలు చెప్పింది తన సుఖం తప్ప ఇంకెవరినీ పట్టించుకోనివాళ్ల గురించి. నడుం లేవక ఒక్క పూట పడుకున్న కోడలి గురించి కాదు.

‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అనే ఆజ్ఞ లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. యేసు దాన్నే రెండో ఆజ్ఞగా చెప్పారు. మనం ‘పొరుగువాని’ దగ్గరికి పరుగెత్తి ‘నిన్నువలె’ను దాటేస్తాం. మీ విషయంలో నేనా మాటను తిరగేసి అడుగుతాను. జీడినూనె తగిలి మీ వేళ్లు నల్లబడి, తోలు లేచిపోయిందని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. అత్తయ్య వేళ్లు అలా ఉంటే ఒక్క రాత్రయినా ఊరుకుంటారా? ఆమె పాదాలకు రాసిన ఆముదం అదే చేత్తో మీ వేళ్లకు ఎందుకు రాసుకోరు? పొరుగువారి మీద మీకున్న ప్రేమకు లోటు లేదమ్మా. కొలబద్ద అయిన మీరే అరిగిపోతున్నారు.

‘తన్ను తాను ఉపేక్షించుకొని’ అని ప్రభువే అన్నారు కదా అని మీకు సందేహం రావచ్చు. ఉపేక్షించుకోమంది నా మాటే నెగ్గాలనే పట్టుదలను. ఒళ్లు గుల్ల చేసుకోమని ఆయన ఎవరికీ చెప్పలేదు. తినడానికి కూడా తీరిక లేని శిష్యులను ‘కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి’ అని ఏకాంత ప్రదేశానికి పిలిచారు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నప్పుడు దేవదూత మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు ఇచ్చి తినమన్నాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది’ అన్నాడు. ఈ మాట నేను చదివినప్పుడల్లా నా కళ్లు చెమరుస్తాయి. మీ ప్రయాణం కూడా మీ శక్తికి మించిందే.

కసిరిన సంగతికి వస్తాను. డయాలసిస్ మనిషికి నీళ్లు కొలిచి ఇవ్వాలి కాబట్టి రెండో గ్లాసు వద్దనడం తప్పు కాదు, కసరడమే తప్పు. ‘ఆ రోజు ఒళ్లు అలిసి అలా అనేశాను అత్తయ్యా, మనసులో పెట్టుకోకండి’ అని ఆమెతో అనేయండి. దేవుణ్ణి పదిసార్లు క్షమాపణ అడిగారు, ఆమెను ఒక్కసారీ అడగలేదు.

ఇక ఆ బిళ్లలు ఈరోజే ఆపండి. డాక్టరును అడగకుండా రోజూ మింగే నొప్పి బిళ్లలు కిడ్నీలను దెబ్బతీయవచ్చు, అందులోనూ మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. ఈసారి అత్తయ్యతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు నడుం చూపించుకుని, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షకు రక్తం కూడా ఇచ్చి రండి. నడుంనొప్పి అంతా కిడ్నీ జబ్బు కాదు, ఊరికే భయపడకండి. చూపించుకోవడం మాత్రం మానకండి.

టెక్కలిలో ఉన్న మీ ఆడపడుచు నెలకోసారి పళ్లు తెచ్చి చూసి వెళ్తుందన్నారు. వారంలో ఒక డయాలసిస్ తనను చూసుకోమని అడగండి. ఆ ఫోను మీ ఆయన చేస్తే ఇంకా మంచిది, అత్తయ్య వాళ్లిద్దరికీ తల్లి కదా. అడగడానికి మొహమాటం వేస్తే యేసు చెప్పిన ఉపమానంలోని మంచి సమరయుడిని తలుచుకోండి. గాయపడినవాణ్ణి సత్రానికి చేర్చి, ఆ రాత్రి తనే చూసుకుని, మర్నాడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి ‘ఇతని పరామర్శించుము’ అని తన దారిన వెళ్లాడు. సగం పని ఇంకొకరి చేతిలో పెట్టాడని అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

ఆడపడుచు ఏమందో, పరీక్షలో ఏం వచ్చిందో నాకు రాయండి.