భవనం ఎటు చూస్తోందో ముందు తెలుసుకోండి

"ప్రయాణాల్లో నగరాల్లోని భవనాలను మంచి వెలుతురులో ఫోటో తీయాలంటే ఏ కెమెరా, ఏ లెన్స్ తీసుకెళ్లాలి?" అని అడిగారు. చేతిలో ఉన్నది చాలు, ఫోనైనా సరే. లెన్సుల గురించి చదివే సమయంలో సగం, చూడబోయే భవనం ఏ దిక్కుకు తిరిగి ఉందో తెలుసుకోవడానికి పెట్టండి.

మన గుడులు చాలావరకు తూర్పుముఖం. గోపురం మీది బొమ్మలు ఉదయం నీరెండలోనే విడివిడిగా కనిపిస్తాయి. యూరప్‌లోని పాత చర్చిలకు సాధారణంగా పెద్ద ద్వారం పడమర వైపు ఉంటుంది కాబట్టి వాటికి సాయంత్రం కావాలి. కంబోడియాలోని ఆంగ్‌కోర్ వాట్ గుడి పడమటి ముఖం. సూర్యోదయానికి జనం అక్కడ కిటకిటలాడతారు, కానీ అప్పుడు సూర్యుడు గోపురాల వెనక ఉంటాడు, దొరికేది నల్లటి రూపురేఖలే. రాతి చెక్కడం కావాలంటే మధ్యాహ్నం తర్వాత వెళ్లాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1892, 1893ల్లో ఫ్రాన్స్‌లోని రువాన్ చర్చి పడమటి ముఖాన్నే వేర్వేరు వేళల్లో, వేర్వేరు వాతావరణాల్లో ముప్పైకి పైగా చిత్రాలుగా వేశాడు. ఒక్క గోడలో అన్ని బొమ్మలుంటే, మనం పది నిమిషాలు చూసి బస్సెక్కడం ఏం న్యాయం?

టూర్ల వాళ్ల మీద నాకు కోపం ఇక్కడే. హోటల్లో తీరిగ్గా టిఫిన్ పెట్టి, సరిగ్గా ఎండ నడినెత్తికి వచ్చాక భవనం ముందు దింపుతారు. వెలుతురు బాగుపడే వేళకి షాపింగ్‌కి తీసుకెళ్తారు.

ఒక పాత నగరంలో నేను చూసింది చెప్తాను. అది తూర్పుముఖపు రాతి భవనం. "పొద్దున రావాల్సింది, ఇప్పుడేముంది" అంటూ మా గుంపు ముందుకెళ్లిపోయింది. నిజమే, సాయంత్రం కావడంతో ముఖమంతా నీడ. అయితే వీధికి అవతల ఒక ఎత్తైన అద్దాల ఆఫీసు ఉంది. సూర్యుడు పాత భవనం వెనక దిగుతున్నాడు, అంటే ఆ ఎండ పడాల్సింది అద్దాల మీదే. నేను మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి అద్దాల నుంచి తిరిగొచ్చిన వెలుగు నీడలో ఉన్న రాతి మీద ముక్కలు ముక్కలుగా పడింది. అద్దాలు పూర్తి చదునుగా ఉండవు కదా, ఒక్కో ముక్కా నీటి అడుగున కదిలే ఎండలా వంకర్లు తిరిగింది. ఒక ముక్క బాల్కనీ ఇనుప కమ్మీల కింద తుప్పు కారిన చారను వెలిగించింది, ఇంకొకటి కిటికీ పైన చెక్కిన ఆకు అంచును. పొద్దు వాలేకొద్దీ అవి నెమ్మదిగా గోడ మీద పైకి పాకాయి. ఫోన్ తెర మీద అన్నిటికన్నా వెలుగైన ముక్కను వేలితో తాకి, ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి వచ్చే వెలుగు) బాగా తగ్గించాను. మిగతా గోడ చీకటైనా పర్వాలేదు. నీడలో వివరం తర్వాత కొంత రాబట్టుకోవచ్చు, తెల్లగా మాడిపోయిన చోట మాత్రం ఏ ఎడిటింగూ పని చేయదు. నేను తీసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భవనం ఫోటో అదే. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా భవనంతో పాటు దాని ఎదురుగా ఏముందో చూస్తాను. సున్నం వేసిన తెల్ల గోడ ఉన్నా చాలు, నీడ వైపు మెత్తటి వెలుతురు వచ్చేస్తుంది.

సూర్యాస్తమయం అవగానే కెమెరా సర్దేయకండి. కాసేపటికి ఆకాశం ముదురు నీలంగా మారుతుంది, కిటికీల్లోని దీపాలు దాదాపు అంతే కాంతితో కనిపిస్తాయి. భూమధ్యరేఖకు దగ్గర్లో ఇది త్వరగా అయిపోతుంది, దానికి బాగా ఉత్తరాన ఉన్న దేశాల్లో వేసవిలో చాలాసేపు నిలుస్తుంది. ఆ తక్కువ వెలుతురులో కెమెరా కదలకూడదు, కానీ ట్రైపాడ్ తెరవగానే సెక్యూరిటీ వాళ్లు పరుగెత్తుకొస్తారు. ఫోన్ ఎంత ఊపినా ఏమీ అనరు, మూడు కాళ్లు కనిపిస్తే మాత్రం పర్మిషన్ అడుగుతారు. గోడ మీదో రెయిలింగ్ మీదో కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి. ఈ మధ్య చక్కటి పాత రాతి భవనాల మీద ఊదా, ఆకుపచ్చ లైట్లు వేస్తున్నారు, అది చూస్తే బాధేస్తుంది. రాయి రంగే పోతుంది. అలాంటి చోట ఆ లైట్లు వెలగకముందే తీసేయాలి.

ఇక లెన్స్ కొనాలనే ఉంటే, భవనాల కోసమే చేసిన షిఫ్ట్ లెన్స్ ఉంది. కెమెరా పైకెత్తకుండానే పైఅంతస్తుల్ని ఫ్రేములోకి తెస్తుంది, గోడలు వెనక్కి పడిపోతున్నట్టు కనిపించవు. ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువే. కొనేముందు రోడ్డు దాటి అవతలికి వెళ్లండి, వీలైతే ఎదుటి భవనం రెండో అంతస్తు మెట్ల దగ్గర నిలబడి కెమెరాను పైకెత్తకుండా తిన్నగా పట్టుకుని తీయండి. అప్పటికీ పైభాగం పట్టకపోతే అప్పుడు లెన్స్ గురించి ఆలోచించవచ్చు.