నల్లకోటు: మీ సందేహాలు, మా సమాధానాలు

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయి అక్కడే ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసింది, బెంగళూరులో ప్రాక్టీసు చేస్తానంటోంది. మేము ఎస్సీలం. ఎన్‌రోల్‌మెంట్‌కు (లాయరుగా పేరు నమోదుకు) ‘అన్నీ కలిపి’ పాతిక వేలు అవుతుందని కోర్టు దగ్గర ఒకాయన చెప్పాడు. అంత అవుతుందా?
– ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: అవదు. 1961 అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు కట్టాల్సింది 125 రూపాయలు: రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు 100, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 25. మిగతావారికి 600, 150 కలిపి 750. స్టాంపు డ్యూటీ ఉంటే అది అదనం. భవన నిధి, గుర్తింపు కార్డు, వెరిఫికేషన్ అంటూ రకరకాల పేర్లతో వేలకు వేలు గుంజే అలవాటును 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆపించింది. ఆ భారం పడేది వెనుకబడిన వర్గాల పిల్లల మీదేనని కూడా చెప్పింది. అంతకుముందు కట్టినవారికి మాత్రం డబ్బు వెనక్కి రాదు. మధ్యవర్తితో పని లేదు. రసీదు రాని రూపాయి ఇవ్వకండి.

డిగ్రీ ఆంధ్రాది కావడం అడ్డు కాదు. ఎక్కడ ప్రాక్టీసు చేయదలిస్తే ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కే దరఖాస్తు పెట్టాలి. ఆ తర్వాత రెండేళ్లలోపు ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. దాని ఫీజు వేరే. ఇంకో మాట: హైకోర్టులో ఇంగ్లిషు చాలు గానీ సిటీ సివిల్ కోర్టులో, మేజిస్ట్రేటు కోర్టుల్లో సాక్ష్యం కన్నడంలో నడుస్తుంది. అనంతపురం పిల్లకు లిపి ఒక వారం పని. ‘పాటీ సవాలు’ అంటే క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం), ‘తడెయాజ్ఞె’ అంటే స్టే (తాత్కాలికంగా ఆపమనే ఉత్తర్వు). ఇలాంటివి పాత ఆర్డర్ షీట్లు చదివితే తొందరగా పట్టుబడతాయి.

ప్రశ్న: సివిల్ వైపు ఒక సీనియర్ దగ్గర మూడేళ్లుగా ఉన్నాను. నా తర్వాత చేరిన అబ్బాయికి క్రాస్ ఇస్తున్నారు. నాకు వాయిదాలు అడగడం, డ్రాఫ్టింగ్, ఫ్యామిలీ కోర్టు కేసులు. నెలకు ఎనిమిది వేలు. పెంచమంటే ‘నేర్చుకోవడానికొచ్చావు కదమ్మా’ అంటారు. ఎలా అడగాలి?
– ఒక పాఠకురాలు, జె.పి.నగర్

జవాబు: మీ సీనియర్ గారు చెడ్డవారే కానక్కర్లేదు. ఆఫీసుల్లో పని పంపకం నోటిమాట మీద జరుగుతుంది. రాత్రి ఎనిమిది దాటాక ఎదురుగా ఎవరుంటే ఫైలు వాళ్ల చేతికి వెళ్తుంది. ఆడపిల్లలు అప్పటికి బస్సెక్కి ఉంటారు. కాబట్టి అన్యాయం జరుగుతోందని అడిగితే ‘అదేం లేదమ్మా’ అనే జవాబే వస్తుంది. ఫైలు పేరు పెట్టి అడగండి.

ముందు ఆరు నెలల పట్టిక రాసుకోండి: కేసు నంబరు, దశ, మీరు చేసిన పని, కోర్టులో లేచి నిలబడిందెవరు. అందులోంచి ఒక సాక్షిని ఎంచుకోండి. ప్రధాన వాదిని అడగొద్దు, ఇవ్వరు. దస్తావేజు మీద సాక్షిగా సంతకం పెట్టిన అటెస్టింగ్ సాక్షో, బ్యాంకు అధికారో, కోర్టు కమిషనరో అయితే మేలు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 18 రూల్ 4 కింద చీఫ్ (సాక్షి తన పక్షం తరఫున ముందు ఇచ్చే వాంగ్మూలం) అఫిడవిట్ రూపంలో వస్తుంది గనక సిద్ధమవడానికి టైము దొరుకుతుంది. ‘ఫలానా ఓ.ఎస్. (సివిల్ దావా)లో రెండో సాక్షికి నేను క్రాస్ చేస్తాను, ప్రశ్నలు వారం ముందే చూపిస్తాను’ అనండి. ప్రశ్నలు కాగితం మీద చూశాక కాదనడం ఏ సీనియర్‌కైనా కష్టం.

రెండోది, వకాల్తాలో (తన తరఫున వాదించమని క్లయింటు ఇచ్చే పత్రంలో) మీ పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, సంతకం ఉండాలి. చాలామంది జూనియర్లు ఇక్కడే నష్టపోతారు. ఏళ్ల తరబడి కోర్టుకు వెళ్లినా రికార్డులో కనిపించరు. జడ్జి పోస్టుకో, ప్రభుత్వ ప్లీడరు పనికో దరఖాస్తు పెట్టినప్పుడు రుజువు దొరకదు. నోటరీకి మామూలుగా పదేళ్ల ప్రాక్టీసు కావాలి, మహిళలకు ఏడేళ్లు చాలు. ఆ ఏడేళ్లకూ కాగితం ఉండాలి కదా.

డబ్బు సంగతి. నగరాల్లో జూనియర్లకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫార్సే, దాన్ని పట్టుకుని దావా వేయలేరు. (అదే ఏడాది జూన్‌లో మద్రాసు హైకోర్టు తమిళనాడు బార్ కౌన్సిల్‌కు ఇలాంటి ఆదేశమే ఇచ్చింది.) అయినా ఒక ప్రింటు తీసి చేతిలో ఉంచుకోండి. ఎంత ఇస్తారు, ఎన్ని గంటలు, సొంత కేసులు తీసుకోవచ్చా అన్న మూడు విషయాలు ఒక్క ఈమెయిల్‌లోనైనా రాయించుకోండి. ఏదీ కదలకపోతే జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థ ప్యానెల్‌కు దరఖాస్తు పెట్టండి. సాధారణంగా మూడేళ్ల అనుభవం అడుగుతారు, మీకు ఉంది. అక్కడ ఫీజు కొంచెమే, కేసు మాత్రం మొదటి నుంచి చివరిదాకా మీది.

ప్రశ్న: ఇందిరానగర్‌లో మాది చిన్న లా ఆఫీసు. ఏడుగురు లాయర్లం, ఇద్దరు గుమాస్తాలు, ఊడ్చే ఆవిడ. వేసవిలో ఇంటర్న్‌లు వస్తారు. లైంగిక వేధింపుల కమిటీ మాకూ అవసరమా?
– ఒక న్యాయవాది

జవాబు: అవసరమే. పది మంది ఉంటే ఇంటర్నల్ కమిటీ పెట్టాలని 2013 చట్టం చెబుతోంది. జీతమా స్టైపెండా, పర్మనెంటా అన్న తేడా చట్టానికి లేదు. ట్రైనీ, దినకూలీ, జీతం లేకుండా వచ్చేవారు కూడా లెక్కే. లాయర్లను ఉద్యోగులుగా లెక్కపెట్టవచ్చా అన్న వాదన మీకు తట్టే ఉంటుంది. దాని మీద ఆధారపడటం మంచిది కాదు. కమిటీలో కనీసం నలుగురు: సీనియర్ హోదాలోని మహిళ అధ్యక్షురాలు, ఇద్దరు ఆఫీసువారు, ఒకరు బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి. సగం మంది మహిళలు కావాలి. బయటి సభ్యురాలంటే భాగస్వామి గారి వదిన కాదు. కమిటీ పెట్టకపోతే జరిమానా 50,000 దాకా.

చిన్న ఆఫీసుల్లో అసలు చిక్కు వేరే: ఫిర్యాదు యజమాని మీదే అయితే? అప్పుడది ఆఫీసు కమిటీకి కాదు, జిల్లాలోని లోకల్ కమిటీకి వెళ్లాలి. పది మందికన్నా తక్కువ ఉన్న చోట్లకూ అదే దారి. ఈ సంగతి నోటీసు బోర్డు మీద రాసిపెట్టండి. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. బాధితురాలు కోరితే రాజీ చేయవచ్చు గానీ డబ్బు ప్రాతిపదికగా చేయకూడదు.

ప్రశ్న: బెంగళూరు అడ్వకేట్స్ అసోసియేషన్ ఎన్నికల్లో మహిళలకు కోటా ఉందా?
– ఒక పాఠకురాలు, బనశంకరి

జవాబు: ట్రెజరర్ పదవిని మహిళలకే కేటాయించాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ప్రశ్న: నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) పనిచేస్తాను. ఎదుటి పక్షం ఇచ్చే పీడీఎఫ్‌లు సగం చదవదు. ఏం చేయాలి?
– ఒక జూనియర్ న్యాయవాది, మల్లేశ్వరం

జవాబు: కారణాలు రెండు. ఒకటి, టైపు చేసిన కాగితాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, ఫోన్‌తో ఫోటో కొట్టి పంపడం. అది బొమ్మే గానీ అక్షరం కాదు. 300 డీపీఐలో స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని రాతను అక్షరాలుగా మార్చడం) చేయమని రాతపూర్వకంగా అడగండి. అక్షరాల మీద సీలు, వాటర్‌మార్కు పడితే ఓసీఆర్ తప్పుతుంది కాబట్టి సీలు మార్జిన్‌లో వేయమనండి. రెండోది, కన్నడ సాక్ష్యాలు యూనికోడ్ కాని ‘నుడి’ అనే పాత ఫాంటులో ఉంటే రీడర్‌కు పిచ్చి గుర్తులే వినిపిస్తాయి. వర్డ్ ఫైలు తెప్పించుకుని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అంకెలను, ఒత్తులను మాత్రం ఎవరిచేతనైనా మూలంతో సరిచూపించండి. కన్వర్టర్లు ఎక్కువగా తడబడేది అక్కడే.