తుప్పమాటున దాగిన మాట

తమ్ముడూ,

అల్లూరి సీతారామరాజు మీద నీ కథ రెండుసార్లు చదివాను. దామనపల్లి ఘాట్ ఘట్టం బాగా పండింది. ఒక్కచోట మాత్రం నా పెన్సిల్ ఆగిపోయింది. 'రామరాజు దళం మెరుపుదాడి చేసింది' అని రాశావు.

1922 సెప్టెంబరు 24న అక్కడ జరిగింది ఒకసారి కళ్లముందుకు తెచ్చుకో. కొండదారి. పక్కన తుప్పల్లో రామరాజు మనుషులు. తెల్లదొరల పటాలంలో ముందు నడిచిన మన సిపాయిలను కిక్కురుమనకుండా పోనిచ్చారు. వెనకాల వచ్చిన కవర్డ్, హైటర్ దొరలను కాల్చారు. ఇందులో మెరుపేదయ్యా? ఉన్నదంతా ఓపికే! దాన్ని మాటువేయడం అంటారు. మాటు అంటే మరుగు. తలుపుమాటున నిలబడ్డ కొత్తకోడలికీ, తుప్పమాటున తుపాకీ పట్టినవాడికీ ఒకటే మాట. పోలీసు వార్తల్లో కనిపించే ఆంబుష్‌ది కూడా ఇదే వరస. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది, అడవిలో నక్కడమని దాని మూలార్థం.

నిద్రపోతున్నవాళ్ల మీద పడితే మాట మారిపోతుంది. సంస్కృతంలో దాన్ని సౌప్తికం అన్నారు. సుప్తి అంటే నిద్ర. భారతంలో పదో పర్వం పేరే అది. రాత్రి మర్రిచెట్టు మీద నిద్రలో ఉన్న కాకులను గుడ్లగూబ వచ్చి చంపుతుంటే అశ్వత్థామ కింద నుంచి చూశాడు. పాండవ శిబిరం మీద పడాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. చిత్రమేమిటంటే ఆ మాటలో కొట్టినవాడి జాడే లేదు, పడుకున్నవాడి నిద్రే ఉంది. అవస్కందం అని ఇంకోటుంది, అందులో ఉన్నది మీదికి దూకడం. నీ కథకు అది వద్దులే, నిఘంటువు వాసన కొడుతుంది.

గెరిల్లా వాడితే స్పెల్లింగ్ చూసుకో. స్పానిష్‌లో చిన్న యుద్ధమని అర్థం. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్ మీద పడ్డాక యూరప్ అంతా పాకింది. నా తొలి కథలో అది 'గొరిల్లా యుద్ధం' అని అచ్చయింది. కంపోజిటర్‌ని చాలా ఏళ్లు తిట్టుకున్నాను. మొన్న అటక మీద రాతప్రతి దొరికింది. గొరిల్లా నాదే.

నీ తర్వాతి కథ మిరపకాయ టపా గురించి అన్నావు కదా. ఫలానా పోలీసు స్టేషన్ మీదికి వస్తున్నాం, కాచుకోండి అని రామరాజు ముందే కబురు పెట్టి వెళ్లడం. చెప్పి చేసే దాడిని మెరుపు అనలేం, మాటు అనలేం. దానికి నాకింకా మాట దొరకలేదు. నీకు దొరికితే ఒక కార్డు ముక్క రాయి.

మీ అన్నయ్య