‘ఒక బొమ్మ’ పడితే ఎన్ని బొమ్మలు పడ్డట్టు?

సందేహం: మాస్టారికి నమస్కారాలు. నేను శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతికి లెక్కలు చెబుతాను. యాదృశ్చిక ప్రయోగాల పాఠం అయ్యాక స్లిప్ టెస్టులో ‘రెండు నాణేలను ఒకేసారి ఎగరేస్తే ఒక బొమ్మ పడుటకు గల సంభావ్యత ఎంత?’ అని ఇచ్చాను. కొందరు 1/2 అని, కొందరు 3/4 అని, ఇద్దరు ముగ్గురు 1/3 అని రాశారు. నేను 1/2కే మార్కులు వేశాను. 3/4 రాసినవాళ్ళు ‘రెండు బొమ్మలు పడితే ఒక బొమ్మ పడనట్టా టీచర్?’ అని అడిగారు. ఇది లెక్కలో తేడానా, భాషలో తేడానా? ఇంకో సంగతి. మా విద్యార్థిని తండ్రి ఒకరు ‘సంభావ్యతకూ పురోహితులకిచ్చే సంభావనకూ చుట్టరికం ఏమైనా ఉందా?’ అని అడిగారు. పిల్లలకు తెలిసిన ‘అవకాశం’ ఉండగా సంభావ్యత ఎందుకు? ‘ప్రతిరూప ఆవరణం’ (ప్రయోగంలో రాగల ఫలితాలన్నిటి జాబితా) అన్నా వాళ్ళకు టెన్షనే. దయచేసి వివరించగలరు.

సమాధానం: అమ్మా, 3/4 రాసిన పిల్లలకు కూడా మార్కులు వేయండి. వాళ్ళు లెక్క తప్పలేదు. మీరిచ్చిన వాక్యానికి రెండు అర్థాలున్నాయి. మీరు ఒకటి అనుకున్నారు, వాళ్ళకు రెండోది తట్టింది. రెండూ తెలుగే. 1/3 రాసినవాళ్ళది మాత్రం వేరే సంగతి, దానికి తర్వాత వస్తాను.

‘మీ ఇంట్లో ఒక నిచ్చెన ఉంటే ఇస్తారా?’ అని పక్కింటివాళ్ళు అడిగితే, రెండు నిచ్చెనలున్నవాళ్ళు లేవని పంపించరు. అక్కడ ‘ఒక’ అంటే ఒకటున్నా చాలని. అదే ఎవరైనా ‘నాకు ఒక కూతురు’ అన్నాక, ఆయనకు ఇద్దరు కూతుళ్ళని తెలిస్తే ఆశ్చర్యపోతాం. అక్కడ ‘ఒక’ అంటే ఒకర్తే. మాట మారలేదు, సందర్భం దానికి హద్దు గీసింది. ఇంట్లోనూ వీధిలోనూ మాట చుట్టూ సందర్భం ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. ప్రశ్నపత్రంలో సందర్భం ఉండదు. ఆ పని కూడా వాక్యమే చేసుకోవాలి.

‘ఒక్క’ అని ఒత్తి రాస్తే సరిపోతుందని కొందరు మాస్టార్లు అనుకుంటారు. సరిపోదు. జూలైలో మబ్బు మొహం చాటేసినప్పుడు మన రైతు ‘ఒక్క వాన పడితే చాలు, నారుమడి బతుకుతుంది’ అంటాడు. రెండో వాన పడితే వద్దంటాడా? ఆ ‘ఒక్క’ తక్కువలో తక్కువ ఎంత కావాలో చెబుతుంది గానీ అంతకు మించకూడదని చెప్పదు. అర్థాన్ని బిగించేది మాట మొదట్లో ఒత్తు కాదు, చివర చేరే చిన్న ప్రత్యయం. ‘ఒక్క బొమ్మే’ అంటే ఒకటే, రెండోది కూడదు. దీన్నే మన వ్యాకరణంలో అవధారణ అంటారు. ‘ఒక బొమ్మైనా’ అంటే ఒకటి పడ్డా సరే, రెండు పడ్డా సరే. ‘ఒక్క బొమ్మా పడకుండా’ అంటే అసలేమీ లేదని. ‘మహా అయితే ఒక బొమ్మ’ అంటే ఒకటి పడొచ్చు, పడకపోవచ్చు, రెండు మాత్రం పడకూడదు. ఇన్ని తేడాలను ఇంత పొదుపుగా పలికించే భాష మన చేతిలో ఉంది. లెక్కల మాస్టారు దాన్ని పూర్తిగా వాడుకోవాలని నా కోరిక.

ఇప్పుడు ఈ మాటలను నాణేల పక్కన పెట్టి చూద్దాం. ఒక రూపాయి బిళ్ళ, ఒక ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ళ తీసుకోండి. (ఏ వైపు బొమ్మో ముందే పిల్లలతో ఒప్పందం చేసుకోండి. ఒకప్పుడు అక్కడ రాజుగారి తల ఉండేది. 1950 నుంచి ఆ చోటుకు అశోక స్తంభం సింహాలు వచ్చాయి, అదే బొమ్మ.) రూపాయిని ముందు, ఐదును వెనక రాస్తే వచ్చేవి నాలుగు: (బొమ్మ, బొమ్మ), (బొమ్మ, బొరుసు), (బొరుసు, బొమ్మ), (బొరుసు, బొరుసు). ‘ఒక్క బొమ్మే’ అంటే నడిమి రెండూ, అంటే 2/4, మీ 1/2. ‘ఒక బొమ్మైనా’ అంటే మొదటి మూడూ, 3/4. ‘ఒక్క బొమ్మా పడకుండా’ అంటే చివరిదొక్కటే, 1/4. ‘మహా అయితే ఒక బొమ్మ’ అంటే చివరి మూడూ, మళ్ళీ 3/4. ‘ఒక బొమ్మైనా’, ‘మహా అయితే ఒక బొమ్మ’ రెండిటికీ 3/4 వచ్చినా ఆ మూడూ ఈ మూడూ ఒకటి కావు. ఈ చోట పిల్లలను కాసేపు ఆపండి. జవాబు ఒకటే అయినంత మాత్రాన ఘటన ఒకటే కాదని ఇక్కడ కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

పాఠ్యపుస్తకాల్లో ‘కనీసం ఒక బొమ్మ’, ‘గరిష్ఠంగా ఒక బొమ్మ’ అని ఉంటుంది. అవి తప్పు కావు, పరీక్షలో అవే వస్తాయి కాబట్టి నేర్పాలి. అయితే ముందు ‘ఒకటైనా’, ‘మహా అయితే ఒకటి’ అని చెప్పి, ఆ తర్వాత ‘కనీసం’, ‘గరిష్ఠంగా’ అంటే ఇవేనని చెప్పండి.

ఇక 1/3 రాసినవాళ్ళ సంగతి. వాళ్ళు ‘రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు’ అని మూడే రాసుకుని ఉంటారు. మూడింట్లో ఒకటి కాబట్టి 1/3. ఇది తప్పే. కానీ ఆ తప్పులోకి దింపింది కూడా వాక్యమే. ‘ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు’ అన్నప్పుడు ఏది బొమ్మో, ఏది బొరుసో చెప్పకుండానే వాక్యం పూర్తయిపోతుంది. రూపాయి మీద బొమ్మ, ఐదు మీద బొరుసు పడడం ఒకటి. రూపాయి మీద బొరుసు, ఐదు మీద బొమ్మ పడడం ఇంకొకటి. ఒకే వాక్యం కింద రెండు ఫలితాలు దాగి ఉన్నాయి. రెండూ అచ్చం ఒకేలాంటి రూపాయి బిళ్ళలైనా లెక్క మారదు. మనం గుర్తుపట్టినా పట్టకపోయినా బిళ్ళలు రెండే కదా. నమ్మనివాళ్ళ చేత ఎగరేయించండి. 30 మంది పిల్లలు తలా 20 సార్లు ఎగరేస్తే 600. అందులో ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడ్డవి 300 చుట్టుపక్కల ఉంటాయి తప్ప 200 దగ్గరకు రావు.

ఆ పిల్లలను చిన్నబుచ్చకండి. ఇలాంటి చోటే డాలంబేర్ అంతటి ఫ్రెంచి గణితవేత్త పొరబడ్డాడు. తాను కూడా సంపాదకుడుగా ఉన్న ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో 1754లో బొమ్మా బొరుసూ ఆట మీద ఒక వ్యాసం రాశాడు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఒకసారైనా బొమ్మ పడడానికి సంభావ్యత 3/4 కాదు, 2/3 అని అందులో వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అక్కడితో అయిపోతుంది కాబట్టి, ఉన్నవి మూడే: మొదటిసారి బొమ్మ; మొదట బొరుసు, తర్వాత బొమ్మ; రెండుసార్లూ బొరుసు. మూడింట్లో రెండు గెలుపు, కాబట్టి 2/3. జాబితాలో తప్పు లేదు. ఆ మూడూ సమానంగా పడతాయనుకోవడంలో ఉంది తప్పు. ‘మొదటిసారి బొమ్మ’ అనేది సగం సార్లు వస్తుంది, మిగిలిన రెండూ పావు పావు వస్తాయి. సగం, పావు కలిపితే మళ్ళీ 3/4.

ఇలా సమానంగా వచ్చే వీలున్న ఫలితాలనే పుస్తకంలో ‘సమసంభవ పర్యవసానాలు’ అన్నారు. పిల్లలు ఈ మాటను కంఠతా పట్టి, దాని అవసరం దగ్గరకు వచ్చేసరికి వదిలేస్తారు. ‘ఇయ్యాల వాన పడతాదేటి?’ అంటే ‘పడితే పడతాది, లేకపోతే లేదు’ అంటాం. ఆ మాట విని, ఉన్నవి రెండే కాబట్టి వాన సంభావ్యత 1/2 అని రాసే పిల్లలున్నారు. రోహిణి కార్తెలోనూ అంతే, శ్రావణ మాసంలోనూ అంతేనా? వాక్యంలో రెండు ముక్కలున్నంత మాత్రాన లోకంలో అవి సగం సగం కావు.

‘సంభావన’ గురించి అడిగిన ఆ తండ్రికి నా అభినందనలు చెప్పండి. చుట్టరికం ఉంది, దగ్గరి చుట్టరికమే. సంస్కృతంలో సంభావన అంటే మనసులో ఒకటి ఎంచడం, ఇలా అయి ఉంటుందని భావించడం. ఒక మనిషిని గొప్పవాడని ఎంచితే అది గౌరవం. ఆ గౌరవంతో పండితుడికో పురోహితుడికో ఇచ్చే డబ్బుకూ అదే పేరు వచ్చింది. ఒక పని జరగవచ్చునని ఎంచితే అది సంభావ్యం, ఎంతవరకు ఎంచవచ్చో ఆ కొలత సంభావ్యత. మీ పిల్లలు తెలుగు క్లాసులో ఉత్ప్రేక్షాలంకారం చదువుతారు కదా, దాన్ని నిర్వచించడానికి ఆలంకారికులు వాడిన మాట కూడా సంభావనే. కాబట్టి ఇది లెక్కల కోసం ఎక్కడినుంచో పట్టుకొచ్చి అతికించిన మాట కాదు.

అయితే ‘అవకాశం’ చాలదా? మొదటి రోజు పాఠానికి చాలు. అంకె చెప్పాల్సి వచ్చినప్పుడు చాలదు. అవకాశం అంటే చోటు, వీలు. ఆ మాటలో ఎంతో కొంత మేలు ధ్వనిస్తుంది. ఉద్యోగం వచ్చే అవకాశం, సీటు దొరికే అవకాశం అంటాం. తుపాను వచ్చే అవకాశం ఉందని వార్తల్లో రోజూ వింటున్నా, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు పోగొట్టుకున్న ఉద్దానం రైతు చెవికి ఆ మాట ఎలా ఉంటుంది? ఆయన ‘తుపాను వచ్చేలా ఉంది’ అంటాడు, ‘ముప్పు ఉంది’ అంటాడు. గణితానికి మంచికీ చెడుకూ సమానంగా ఉండే మాట కావాలి. సంభావ్యత అలాంటిది. వాడేటప్పుడు ‘సంభావ్యత 1/2 ఉంది’ అనకుండా ‘సంభావ్యత 1/2’ అనండి. మాటల్లో చెప్పాలంటే ‘నూటికి యాభై పాళ్ళు’ అనండి. నూటికి నూరు పాళ్ళు జరుగుతుందని మనం అనే మాటే ఖచ్చిత ఘటన, దాని సంభావ్యత 1. ససేమిరా జరగదన్నది అసంభవ ఘటన, దాని సంభావ్యత 0. ‘నూటికో కోటికో ఒక్కరు’ అన్నది సున్నాకు బాగా దగ్గర, కానీ సున్నా కాదు.

‘ప్రతిరూప ఆవరణం’ దగ్గర పిల్లలు తడబడడానికి కారణం ‘ప్రతిరూపం’. వాడుకలో ఆ మాటకు అచ్చు పోలిక అనే అర్థం ఉంది. శాంపిల్ అనే అర్థంలో అది శాస్త్ర గ్రంథాల్లోనే కనిపిస్తుంది. కొన్ని పుస్తకాల్లో ‘శాంపిల్ ఆవరణం’ అనే ఉంది. నాకు అదే నయమనిపిస్తుంది. బట్టల కొట్లో, మందుల షాపులో వినే మాటే కాబట్టి పిల్లలు బెదరరు. ‘ఆవరణం’ మాత్రం చక్కటి మాట. బడి ఆవరణలో ఉన్నవాళ్ళంతా ఎలా లెక్కకు వస్తారో, ప్రయోగంలో వచ్చే ఫలితాలన్నీ అలా ఆ జాబితా చుట్టూ గీసే కుండలీకరణాల మధ్యకు రావాలి. ఒకటీ బయట ఉండిపోకూడదు, ఏదీ రెండుసార్లు లోపలికి రాకూడదు.

మీరు అడగకపోయినా ‘లేదా’ గురించి కూడా చెప్పాలి, పరీక్షల్లో దీని దగ్గర కూడా మార్కులు పోతున్నాయి. భోజనాల దగ్గర ‘పెరుగు గానీ మజ్జిగ గానీ వేయించుకోండి’ అంటే రెంట్లో ఒకటని అర్థం. ‘దసరాకు అక్క గానీ అన్న గానీ వస్తే తాళం ఇవ్వు’ అంటే ఇద్దరూ కలిసి వచ్చినా ఇవ్వాలి. గణితంలో ‘లేదా’ ఎప్పుడూ ఈ రెండో రకమే. 52 ముక్కల పేకలో ఒకటి తీస్తే అది రాజు లేదా ఎర్ర ముక్క అయ్యే సంభావ్యత అడిగారనుకోండి. రాజులు 4, ఎర్రవి 26, కలిపితే 30 అని రాస్తే తప్పు. ఆఠీను రాజు, డైమండ్ రాజు రెండు లెక్కల్లోనూ పడ్డారు. ఆ రెండూ తీసేస్తే 28, జవాబు 28/52, అంటే 7/13. ప్రశ్నలో ‘రాజైనా సరే, ఎర్ర ముక్కైనా సరే, రెండూ అయినా సరే’ అని ఒక్కసారి విడమరిచి రాసి, తర్వాత ‘లేదా’కు రండి.

మీ ప్రశ్నలో ‘పడుటకు గల సంభావ్యత’ అని రాశారు. ‘పడే సంభావ్యత’ అంటే చాలు. పిల్లలకు చదువు వాడుక భాషలో చెప్పాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గరే ఉంది. ఈసారి పరీక్షకు ‘రెండు నాణేలను ఒకేసారి ఎగరేస్తే ఒక బొమ్మైనా పడే సంభావ్యత ఎంత? ఒక్క బొమ్మే పడే సంభావ్యత ఎంత?’ అని రెండు ప్రశ్నలూ పక్కపక్కనే ఇవ్వండి. శాంపిల్ ఆవరణం రాసినందుకు విడిగా ఒక మార్కు పెట్టండి.

చివరగా, మీ ఉత్తరంలో ‘యాదృశ్చిక’ అని ఉంది. చాలామంది ఇలాగే రాస్తున్నారు, అచ్చులో కూడా కనిపిస్తోంది. మూలం ‘యదృచ్ఛ’ కాబట్టి ‘యాదృచ్ఛిక’ అని రాయాలి. అందులో శకారం లేదు, చకారానికి ఛ ఒత్తు వస్తుంది. బోర్డు మీద ఒకసారి పెద్దక్షరాలతో రాసి చూపించండి.